శ్వాసనాళం సన్నబడిన నాకు పీక్ ఫ్లో మీటరు ఎంతవరకు ఉపయోగపడింది

నేను ఇక్కడ సమీక్షిస్తున్నది 2023 మే నెలలో కోఠీలోని ఒక సర్జికల్ దుకాణంలో 650 రూపాయలకు కొన్న ప్లాస్టిక్ గొట్టం గురించి. దీనిని పీక్ ఫ్లో మీటరు అంటారు. జానెడు పొడవుంటుంది. ఒక చివర నోటితో పట్టుకునే ముక్క, పైభాగాన 60 నుంచి 800 వరకు అంకెలు, ఊదినప్పుడు ముందుకు జరిగే చిన్న ఎర్రని ముల్లు, అంతే. బ్యాటరీ లేదు, తెర లేదు. నిండుగా గాలి పీల్చుకొని ఒక్క ఊపున బలంగా ఊదితే, గాలి గరిష్ఠంగా ఎంత వేగంతో బయటికి వచ్చిందో నిమిషానికి లీటర్ల లెక్కన ఆ ముల్లు చూపిస్తుంది. రైట్ అనే ఆంగ్లేయుడు 1959లో ఇటువంటి పరికరానికి మొదటి రూపం ఇచ్చాడు. ఇప్పుడు దీనిని ముఖ్యంగా ఆస్తమా రోగులే వాడుతున్నారు. నాకు ఉన్నది ఆస్తమా కాదు. అయినా రెండేళ్లుగా ఉదయం దీనిని ఊదకుండా కాఫీ గ్లాసు ముట్టుకోలేదు. గొంతు ఆపరేషన్ చేయించుకోవాలా, మరికొంత కాలం ఆగాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు డాక్టరుగారి ముందు నేను పెట్టగలిగిన సాక్ష్యం ఈ గొట్టం ఇచ్చిన అంకెలే కనుక, నాలాంటి వారికి పనికివస్తుందన్న నమ్మకంతో వివరంగా రాస్తున్నాను.

నా జబ్బు పేరు గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజియైటిస్. పొట్టిగా జీపీఏ అంటారు. పాత పుస్తకాల్లో వెగనర్ పేరుతో కనబడుతుంది. 2011లో వైద్యసంఘాలు ఆ పేరును మార్చాయి. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే చిన్న రక్తనాళాల మీద దాడిచేసి వాపు పుట్టించే ఆటోఇమ్యూన్ వ్యాధి ఇది. ముక్కు, చెవులు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దీని బారిన ఎక్కువగా పడతాయి. కొందరిలో స్వరతంత్రులకు కాస్త కిందుగా, శ్వాసనాళం మొదలయ్యే చోట వాపు వచ్చి, మానేటప్పుడు మచ్చకట్టి, గాలి దారి సన్నబడుతుంది. సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్ అనే మాటకు అర్థం ఇదే. ఆ చోటికి ఒక ప్రత్యేకత ఉంది. కింద శ్వాసనాళం పొడవునా ఉండే మృదులాస్థి వలయాలన్నీ వెనుకవైపు తెరుచుకొని గుర్రపు నాడాల్లా ఉంటాయి. పైన ఉన్న క్రికాయిడ్ ఒక్కటే ఉంగరంలా చుట్టూ మూసుకొని ఉంటుంది. అక్కడ వాపు వస్తే బయటికి సాగే వీలు లేక లోపలికే పెరుగుతుంది. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, గాలి సాఫీగా పారుతున్నదనుకున్నా, నిరోధం 16 రెట్లవుతుంది. అందుకే ఈ జబ్బు చాలాకాలం ఏమీ తెలియనివ్వదు. తెలిసిన తర్వాత మాత్రం కొద్ది వారాల్లోనే మనిషిని మెట్ల దగ్గర కూర్చోబెడుతుంది.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను. ఊపిరి తగ్గుతున్న సంగతి నాకు మొదట పద్యం దగ్గర తెలిసింది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21. రెండు పాదాలను ఒక్క ఊపిరిలో నడిపించి ఆగడం నాకు ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అలవాటు. 2022 చివరికి పాదానికొక ఊపిరి కావలసివచ్చింది. మరుసటి వేసవి సెలవుల ముందు, పాదం మధ్యలో యతిస్థానం దగ్గరే ఆగి గాలి పీల్చవలసిన స్థితి వచ్చింది. ఆ పీల్పులో సన్నని ఈల వినిపించేది. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకరోజు, "టీచర్, మీ గొంతులో పిట్ట అరుస్తోంది" అన్నది. ఆ పిల్ల విన్నది నిజమే. ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా గాలి వదిలేటప్పుడు ఛాతీలోంచి వస్తాయి. నాది గాలి పీల్చేటప్పుడు మెడలోంచి వచ్చేది. ఈ తేడా అప్పుడు నాకు తెలియదు.

మా ఇంటి దగ్గరి డాక్టరు ఛాతీ విని, ఆస్తమా అని చెప్పి ఇన్హేలరు రాశారు. హైదరాబాదు దుమ్ములో ఆయాసం, ఈల వినబడే గొంతు ఉన్న నలభై దాటిన స్త్రీని చూసి ఎవరైనా ముందుగా ఆస్తమానే అనుకుంటారు. ఆయన చేసిన మేలు ఏమిటంటే, ఇంట్లో ఒక పీక్ ఫ్లో మీటరు పెట్టుకొని ఇన్హేలరుకు ముందూ తర్వాతా ఊది రాసుకొమ్మని చెప్పారు. మావారు, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగాము. దిగిన తర్వాత మెట్ల మీద నేను రెండుసార్లు ఆగాను. దుకాణంలోని పెద్దాయన రెండు పెట్టెలు కౌంటరు మీద పెట్టి, "ఇది పిల్లలది, 400 వరకే కొలుస్తది. ఇది పెద్దలది. మీరు పెద్దలదే తీసుకోండమ్మా" అన్నాడు. కొనేవాళ్లు ఈ తేడా చూసుకోవాలి. పరికరాల పనితనం కంటే ముందు మనకు కావలసిన కొలత అందులో ఉందో లేదో చూడాలి.

మొదటి పక్షం రోజుల అంకెలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఉదయం 210, ఇన్హేలరు తీసుకున్న పావుగంటకు 210. సాయంత్రం 200, తర్వాత 210. మర్నాడు 210. నా ఎత్తుకు, వయసుకు పెట్టెలోని పట్టిక చూపిన అంకె దాదాపు 400. ఆస్తమా ఉన్నవారిలో ఈ అంకె ఉదయానికీ సాయంత్రానికీ మారుతుంది, ఇన్హేలరుతో చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. నాది ఎండాకాలపు చెరువులా ఒకేచోట నిలిచిపోయింది. పుస్తకం నిండా 210 అని వరసగా రాసి ఉంటే చూసి మా అమ్మాయి, "అమ్మా, ఇది పాడైపోయిందేమో, నేను ఊదుతాను" అని ఊదింది. ముల్లు 430 దగ్గర ఆగింది. పరికరం బాగానే ఉంది. తప్పు జబ్బు పేరులో ఉంది.

ఆ జూన్‌లో మృగశిర కార్తె వచ్చింది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపప్రసాదం కోసం ఏటా వేలమంది వరస కడతారు. కరోనా తర్వాత మళ్లీ అదే మొదటిసారి కాబట్టి మా అత్తయ్యగారు నన్ను తీసుకువెళ్లాలని చాలా పట్టుబట్టారు. ఆమె ప్రేమను నేను తక్కువ చేయను. కాని గుటక వేసేటప్పుడే గొంతులో ఏదో అడ్డుపడుతున్నదన్న భయం నాకు అప్పటికే ఉండడం వల్ల, బతికున్న చేపపిల్లను మింగలేనని చేతులు జోడించి చెప్పాను. నా గాలి దారి ఎంత సన్నగా ఉన్నదో తర్వాత చూసినప్పుడు, ఆ రోజు వెళ్లకపోవడం ఎంత మంచిదయిందో అర్థమైంది. ఆయాసమున్న ప్రతివారిదీ ఆస్తమా అనుకొని ఆ వరసలో నిలబెట్టవద్దని ఇళ్లలోని పెద్దలకు మనవి.

అంకెల పుస్తకం పట్టుకొని ఊపిరితిత్తుల వైద్యురాలి దగ్గరికి వెళ్లాము. ఆమె స్పైరోమెట్రీ చేయించారు. అందులో గాలి వదలడం, పీల్చడం కలిపి గీసే ఒక వలయం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో దాని పైభాగం కోణంగా లేచి దిగుతుంది. నాది పైనా కిందా నొక్కిన పెట్టెలా చదునుగా వచ్చింది. ఎక్కడో పైన, గొట్టంలాంటి ఒక్కచోట గట్టి అడ్డంకి ఉన్నదనడానికి అది గుర్తు. ఆమె మరొక లెక్క కూడా నా ముందే వేసి చూపించారు. మొదటి సెకనులో బయటికి వదిలిన గాలిని మిల్లీలీటర్లలో తీసుకొని, పీక్ ఫ్లో అంకెతో భాగిస్తే వచ్చేది 10 దాటితే పైదారి సన్నబడి ఉందేమోనని అనుమానించాలట. ఎంపీ అనే వైద్యుడు 1972లో చెప్పిన సూచిక అది. ఆ రోజు నా మొదటి సెకను గాలి 2,100, పీక్ ఫ్లో 170. భాగిస్తే 12కు పైగా వచ్చింది. ఆస్తమాలో ఈ రెండూ కలిసి తగ్గుతాయి. పైదారి అడ్డంకిలో పీక్ ఫ్లో ముందుగా, ఎక్కువగా పడిపోతుంది. కాగితం మీద ఒక్క భాగహారంతో జబ్బు ఛాతీలోంచి మెడలోకి మారింది.

చెవి, ముక్కు, గొంతు వైద్యులు ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టం పంపి చూశారు. స్వరతంత్రుల కింద దారి సుమారు మూడింట రెండు వంతులు మూసుకుపోయి ఉంది. కాటన్-మయర్ కొలతలో 51 నుంచి 70 శాతం మూతను రెండో గ్రేడు అంటారు. నాది అందులో పైఅంచున ఉంది. మూడేళ్లుగా సైనస్ అనుకుంటున్న ముక్కులోని రక్తపు పక్కులు, ఒక చెవి దిబ్బడ అన్నీ అప్పుడు ఒకే కథలోకి వచ్చి చేరాయి. ఈ జబ్బులో రక్షణ వ్యవస్థ సొంత కణాల మీదికే తయారుచేసే యాంటీబాడీలను వెతికే పీఆర్-3 ఆంకా రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దేవుడి దయవల్ల బాగానే ఉన్నాయి. అందుచేత ఇటువంటి ఆటోఇమ్యూన్ జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రక్షణ వ్యవస్థను అదుపుచేసే మెథోట్రెక్సేట్‌లతో మొదలుపెట్టారు.

ఇక నుంచి మీటరు అసలు విలువ తెలిసింది. 2023 సెప్టెంబరులో మొదటిసారి దారి వెడల్పు చేశారు. మత్తు ఇచ్చి, నోటి ద్వారానే లోపలికి వెళ్లి, మచ్చను మూడు నాలుగు చోట్ల నిలువుగా కోసి, బెలూనుతో సాగదీసి, అక్కడే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే ప్రక్రియ అది. బయట కోత ఉండదు. మర్నాడు ఇంటికి పంపించారు. ఇంటికి వచ్చిన ఉదయం ముల్లు 385 దాకా వెళ్లింది. గాలి గొంతులోకి చల్లగా, వెడల్పుగా, చప్పుడు లేకుండా దిగింది. ఊరికే ఊపిరి పీలుస్తూ చాలాసేపు వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత అంకె నెలనెలా దిగింది: 360, 320, 280, 240. 2024 ఫిబ్రవరికి మళ్లీ 200. అయిదు నెలల్లో 185 పోయింది, అంటే నెలకు 37 చొప్పున. మెట్లెక్కినప్పుడు ఆయాసం ఉందా అని అడిగితే నేను "పరవాలేదు, కొంచెమే" అనే చెప్పేదాన్ని. మెల్లగా తగ్గేదానికి మనిషి మెల్లగా అలవాటు పడిపోతాడు. నా నోటి మాటను నమ్మి ఉంటే ఇంకో రెండు నెలలు ఆలస్యమయ్యేది. పుస్తకంలోని గీత మాత్రం మొహమాటపడలేదు.

జబ్బు లోపల ఇంకా చల్లారలేదని ఆ దిగుడు వేగం చెబుతోందన్నారు రుమటాలజీ డాక్టరుగారు. 2024 మార్చిలో, రక్షణ వ్యవస్థలోని బి కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చారు. ఈ మందుకు బయోసిమిలర్‌ను, అంటే దాదాపు అదే పనిచేసే పోలిక మందును, 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చింది మన హైదరాబాదు సంస్థ డాక్టర్ రెడ్డీస్ అని తెలిసినప్పుడు నాకు కలిగిన కృతజ్ఞతను ఇక్కడ రాయకుండా ఉండలేను. ఏప్రిల్‌లో రెండోసారి దారి వెడల్పు చేశారు. అంకె 390 అయింది. ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ కొనసాగుతోంది. ఇప్పటికి 14 నెలలు. ఈ వారపు సగటు 320. అంటే దిగుడు నెలకు 5. మొదటిసారి 37, రెండోసారి 5. ఇది ఒక్క మనిషి అనుభవం మాత్రమేనని, రిటుక్సిమాబ్ ముక్కుకు, మూత్రపిండాలకు చేసినంత మేలు అందరి గొంతుకూ చేయదని డాక్టరుగారు జాగ్రత్తగా చెప్పారు. పాతబడి గట్టిపడిన మచ్చను ఏ మందూ కరిగించలేదు. కాని కొత్త మచ్చ కట్టే వేగం నాలో తగ్గిందని మాత్రం ఈ అంకెలు చూస్తే ఎవరైనా చెప్పగలరు.

ఆపరేషన్ విషయానికి వస్తాను. సన్నబడిన భాగాన్ని, క్రికాయిడ్ ముందు భాగంతో సహా, మెడ దగ్గర కోసి తీసివేసి, కింది శ్వాసనాళాన్ని పైకి తెచ్చి అతికించే పెద్ద శస్త్రచికిత్స ఒకటి ఉంది. క్రికోట్రేకియల్ రిసెక్షన్ అంటారు. గడ్డాన్ని ఛాతీవైపు వంచి ఉంచేలా కుట్టువేసి, అతుకు మీద లాగుడు పడకుండా వారం పైబడి తలవంచుకొనే ఉండవలసి వస్తుందట. మొదటిసారి వెడల్పు చేసిన అయిదు నెలలకే దారి మూసుకుపోయినప్పుడు, "మాటిమాటికీ ఈ మత్తూ, బెలూనూ దేనికండీ, ఒకేసారి తీయించేద్దాం" అని నేనే మావారితో అన్నాను. అప్పుడు డాక్టరుగారు నా ముందు పెట్టిన విషయాలు ఇవి. 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 810 మంది రోగులను పోల్చి చూశారు. బెలూనుతో వెడల్పు చేసినవారిలో 28 శాతం మందికి మళ్లీ చికిత్స అవసరమైతే, కోసి తీసివేసినవారిలో 1.2 శాతం మందికే అవసరమైంది. ఆ అంకె చూడగానే నా మనసు ఆపరేషన్ వైపు వెళ్లింది. కాని ఆ 810 మందీ ఏ కారణమూ దొరకని రకం స్టెనోసిస్ ఉన్నవారు. నాలా ఆటోఇమ్యూన్ వ్యాధి ఉన్నవారు అందులో లేరు. వారి మచ్చను కోసి తీస్తే సమస్య ఉన్న చోటు పోతుంది. నా జబ్బు రక్తంలో ఉంది కనుక అతికించిన చోటే మళ్లీ వాపు రావచ్చు. పైగా ప్రెడ్నిసొలోన్ ఎక్కువ మోతాదులో ఉన్నప్పుడు అతుకు సరిగా మానదు. అందువల్ల ఈ వ్యాధిలో పెద్ద ఆపరేషన్‌ను జబ్బు చాలాకాలం నిద్రపోయి ఉన్నప్పుడు, బెలూను మార్గం పనిచేయనప్పుడు మాత్రమే ఆలోచిస్తారు.

ఇంకొక విషయం నన్ను వ్యక్తిగతంగా తాకింది. ఆ ఆపరేషన్‌లో గొంతు శ్రుతిని పైకి తీసుకువెళ్లే కండరం పనితీరు దెబ్బతింటుంది కాబట్టి, స్త్రీల గొంతు బాగా దిగిపోతుంది. హెచ్చుస్థాయి అందదు, అరవడం కష్టమవుతుంది. నలభైమంది పిల్లల ముందు పద్యం చదివి బతికేదాన్ని. ప్రాణంతో పోలిస్తే గొంతు ఎంత అని ఇంట్లో ఒకరిద్దరు అన్నారు. నేను ఆ మాటకు కోప్పడలేదు గాని ఒప్పుకోలేదు కూడా. ఊపిరి నాకు కావలసింది మాట కోసమే. ప్రాణానికి ముప్పు వస్తే గొంతును వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ముప్పు ఎంత దూరంలో ఉందో తెలియకుండా, భయంతో ముందే వదులుకోవడానికి సిద్ధంగా లేను. ఆ దూరాన్ని నాకు రోజూ కొలిచి చెబుతున్నది ఈ గొట్టమే.

లోపాలు కూడా చెప్పాలి. ఇది గాలి వదిలే వేగాన్నే కొలుస్తుంది. మెడలోని అడ్డంకి ముందుగా బాధించేది పీల్చేటప్పుడు. నాది గట్టి మచ్చ కనుక వదలడం, పీల్చడం రెండూ సమానంగా తగ్గాయి, అందువల్ల ఈ అంకె పనికివచ్చింది. మెత్తని వాపుతోనో, స్వరతంత్రుల కదలిక లోపంతోనో దారి సన్నబడినవారికి ఇది బాగానే ఉన్నట్లు చూపించవచ్చు. రెండోది, ఊదేవారి బలం మీద అంకె ఆధారపడుతుంది. జ్వరం వచ్చిన రోజు, నిద్ర చాలని రోజు 30 వరకు తగ్గిన సందర్భాలున్నాయి. ఒకనాటి అంకెతో బెదరకూడదు. మూడు ఉదయాలు వరసగా తగ్గితేనే పట్టించుకోవాలి. మూడోది, పెట్టెతో వచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు ఆస్తమా లెక్కలోవి. నా జబ్బుకు ఆ లెక్క సరిపోదు. ఆ గుర్తులను నేను తీసివేసి, మా డాక్టరుగారు చెప్పిన 230 దగ్గర గోళ్లరంగుతో ఒక గీత పెట్టుకున్నాను. నాలుగోది ముఖ్యమైనది: జబ్బు మూత్రపిండాల్లో తిరగబెడితే ఈ గొట్టానికి తెలియదు. మూత్రపరీక్ష, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఆంకా పరీక్షలు తేదీ తప్పకుండా చేయించుకోవలసిందే.

పరికరం విషయంలో ఒక చిన్న ఫిర్యాదు. ఏడాది తర్వాత ముల్లు 250 దగ్గర కాస్త పట్టేయసాగింది. వారానికోసారి గోరువెచ్చని సబ్బునీటిలో ముంచి, కడిగి, పూర్తిగా ఆరనిస్తే సరిపోతున్నది. తడిగా ఉన్నప్పుడు ఊదితే అంకె తప్పు వస్తుంది. అదే రకం రెండోది కొని పోల్చి చూస్తే, కొత్తది ప్రతిసారీ 15 ఎక్కువ చూపించింది. అందుచేత మధ్యలో మీటరు మార్చవద్దు. మార్చవలసివస్తే ఒక వారం రెండూ ఊది, తేడా రాసుకున్న తర్వాతే పాతది పక్కన పెట్టాలి. కొత్తదాన్ని నేను స్కూలు సంచిలో ఉంచుకుంటున్నాను.

ఊదే పద్ధతి తప్పితే రెండేళ్ల పుస్తకమూ వృథా అవుతుంది కాబట్టి, నాకు ఒక నర్సమ్మ నేర్పినది రాస్తాను. నిలబడి ఊదాలి. ముల్లును అడుగుకు జరపాలి. గాలి నిండా పీల్చి, ఆపకుండా, పెదవులు గట్టిగా మూసి, నాలుక రంధ్రానికి అడ్డం రాకుండా, దీపం ఆర్పినట్లు కాకుండా దూరంగా ఉన్న ఈకను ఎగరగొట్టినట్లు ఒక్కసారిగా వదలాలి. వేలు ముల్లు దారిలో ఉండకూడదు. నేను మొదటి నెల చాలాసార్లు ఈ తప్పు చేశాను. మూడుసార్లు ఊది, అన్నిటికంటే పెద్ద అంకె రాసుకోవాలి, సగటు కాదు. నేను ముందు సెలైన్ నెబులైజేషన్ చేసుకొని, అంటే ఉప్పునీటి తుంపరను యంత్రంతో పీల్చుకొని, గొంతులో పట్టిన జిగురును దగ్గి తీసివేసి, ఆ తర్వాత ఊదుతాను. సన్నని దారిలో చిన్న కఫపు ముద్ద కూడా 40 అంకెలు తినేస్తుంది. ముఖ్యంగా చలికాలపు ఉదయాల్లో, దీపావళి మర్నాడు, ఇది చేయకుండా ఊదితే అనవసరంగా భయపడవలసి వస్తుంది.

కూర్చున్నచోట కదలకుండా ఉన్నా ఈల వినబడుతుంటే మీటరు వెతకవద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. స్వరతంత్రులకు కాస్త కిందుగా శ్వాసనాళం సన్నగా ఉన్నదని, మామూలు సైజు ట్యూబు దిగకపోవచ్చని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు నా పర్సులో ఉంటుంది. ఏ చిన్న ఆపరేషన్‌కైనా, చివరకు పంటి వైద్యానికి మత్తిచ్చినా, మత్తు డాక్టరుకు ముందుగా ఈ సంగతి చెప్పాలి.

ఆస్తమా లేని మనిషిగా ఈ వస్తువుకు నేను అయిదింట నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ అది పీల్పును కొలవలేనందుకే. గొంతు సన్నబడిందని తేలిన ప్రతివారూ, డాక్టరుకు చెప్పి, దారి వెడల్పు చేయించుకున్న మొదటి వారంలోనే ఊది తమ ఉత్తమ అంకెను రాసి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఆ అంకె లేకపోతే తర్వాత పడిపోయినది ఎంతో కొలిచే ఆధారం ఉండదు.

గత వారం పుస్తకం తీసుకొని గొంతు డాక్టరుగారిని కలిశాను. ఆయన రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఇదే వేగమైతే 230కి రావడానికి ఏడాదిన్నర పడుతుందని, జబ్బు గీత గీసినట్లు నడవదు కనుక దాన్ని హామీగా తీసుకోవద్దని చెప్పారు. "పెద్ద ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దమ్మా. దిగుడును ఇంకా నెమ్మదిగా చేయగలమేమో చూద్దాం" అన్నారు. మెలకువగా ఉండగానే, గొంతుకు మందుతో తిమ్మిరెక్కించి, క్లినిక్‌లోనే మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొన్ని వారాల వ్యవధితో నాలుగైదుసార్లు ఇచ్చే పద్ధతిని సూచించారు. ఒప్పుకున్నాను. అవి పనిచేయక, జబ్బు నిద్రలోనే ఉండి, అంకె గోళ్లరంగు గీతను మూడు ఉదయాలు దాటి కిందికి వెళితే, అప్పుడు ఆపరేషన్ గురించి మళ్లీ కూర్చొని మాట్లాడుకోవాలని ఇద్దరం అనుకున్నాము. గొంతు మారుతుందన్న మాట అప్పుడు నన్ను ఆపదు; ఆ సంగతి మావారికీ, మా అమ్మాయికీ కూడా చెప్పాను. జూలై మొదటి వారంలో మొదటి ఇంజెక్షన్. ముందూ, ఆ తర్వాత మర్నాడు ఉదయమూ ఊది చూపించాలని డాక్టరుగారే అడిగారు, కాబట్టి మీటరునూ పుస్తకాన్నీ వెంట తీసుకువెళుతున్నాను.